తలలో ముడువరాని పువ్వు

చేతికి వచ్చిన పువ్వునకు మన యిండ్లలో రెండే స్థానములు గలవు. ఒకటి దేవుని పీఠము. రెండవది ఆడువారి కొప్పు. మల్లెలు, జాజులు, కనకాంబరములు కొప్పెక్కును. గన్నేరులు, నందివర్ధనములు, మందారములు పూజాపళ్ళెరమున జేరును. వాసన లేని పువ్వునకైనను రంగు జూచి చోటిత్తుము. కాని దుర్వాసన గల పువ్వును గోరి పెంచుకొను గృహిణులు మిక్కిలి యరుదు. అట్టి పువ్వు నొకదానిని గూర్చి నేడు సోదరీమణులకు విన్నవింప బూనితిమి. అది దేవునికి బనికిరాదు, తలలో ముడువరాదు, గదిలో నుంచరాదు. అయినను దానిని బెంచవలె ననియే మా మనవి. ఏల పెంచవలెనో, ఎట్లు పెంచవలెనో క్రమముగా జెప్పెదము.

దక్షిణాఫ్రికా దేశము దీని జన్మస్థానము. శాస్త్రజ్ఞులు దీనికి స్టపీలియా జైగాంటియా యని పేరిడిరి. ఇంగ్లీషువారు దీని జాతిని పీనుగపువ్వనియు, కప్పమొక్క యనియు, నక్షత్రపు పువ్వనియు వారి భాషలో బిలుతురు. ఈ మూడు పేరులును నిజమే. దూరమునుండి చూచిన నక్షత్రము, దగ్గఱకు బోయిన పీనుగ!

మొక్క స్వరూపము

ఈ మొక్కకు మన కంటికి గనబడు నాకులు లేవు. నేలనుండి గుత్తులు గుత్తులుగా లేచిన నాలుగు పలకల కొమ్మలే దీని శరీర మంతయు. కొమ్మ జానెడు పొడవును, బొటనవ్రేలికంటె గొంచె మెక్కువ లావును గలిగి, పట్టుగుడ్డవంటి మెత్తని నూగుతో నుండును. పలకల యంచుల వెంబడి చిన్న చిన్న పండ్లవంటి మొనలు గలవు గాని, అవి ముండ్లు కావు, చేతికి గ్రుచ్చుకొనవు. చూచినవారు దీనిని నాగజెముడు జాతిలోని దని భ్రమపడుదురు. నాగజెముడు అమెరికా ఖండపు సంతతి. దీనికి దానితో నే చుట్టఱికమును లేదు. కఱవు నేలలలో బ్రదుకవలసి వచ్చిన రెండు వంశములు, ఒకదాని నొకటి యెఱుగకయే, యొకే యుపాయమును గైకొన్నవి. ఆకులను వదలుకొనుట, కాండమునందే నీటిని దాచుకొనుట, పచ్చని కాండముతోడనే తన యాహారమును దాను సిద్ధపఱచుకొనుట, ఇదియే యా యుపాయము. పైగా నిట్టి మొక్కలు పగటి యెండలో దమ రంధ్రములను మూసికొని, రాత్రి చల్లనివేళ మాత్రమే తెఱచి గాలిని గ్రహించును. అందుచే లోని తడి యావిరియై పోదు.

మొగ్గ కొమ్మ తుదిని గాక, మొదటికి దగ్గఱగా బుట్టును. తొలుత చింతగింజంత యుండి, దినదినమును బెరుగుచు, తుదకు గాలి నింపిన బుడగవలె నుబ్బును. పిల్లలు దానిని నొక్కి చూడవలె నని తహతహపడుదురు, వారిని వారింపవలెను. ఒకనాడు అయిదు అతుకులును విడి, రేకులు వెనుకకు వ్రాలి, జానెడు వెడల్పు గల నక్షత్ర మొకటి కుండ యంచునుండి వ్రేలాడును. ఒక్కొక్కప్పుడు పువ్వు 30 సెంటీమీటర్లకు మించియు నుండును. లేత గంధపు రంగు గల రేకులపై ఎఱ్ఱని సన్నగీతలు, కుంకుమతో నడ్డముగా గీచినట్లు, వంకరలు వంకరలుగా నుండును. పైని సన్నని వెండ్రుకలు గలవు. గాలి వీచినపుడు కదలును. మడతలు పడిన చర్మమును, దానిపై రోమములును జూచినట్లే యుండును. ఈ పోలిక కాకతాళీయము కాదు. దాని కారణము ముందు దెలియగలదు.

జన్మభూమి, నామకరణము

దక్షిణాఫ్రికా ఈశాన్య భాగమందలి క్వాజూలూ-నటాల్, లింపోపో ప్రాంతములు మొదలుకొని, జింబాబ్వే, మొజాంబిక్, జాంబియాల వఱకు ఈ మొక్క సహజముగా బెరుగుచున్నది. ఱాతినేలలలోను, ముండ్లపొదల నీడలలోను దాగి, వాన కురిసినపుడు త్రాగి, కురియనపుడు ఓర్చుకొని యుండును. ఇంగ్లీషున దీనికి జూలూ దైత్య మను పేరును గలదు. ఈ నటాల్ సీమ మనకు గ్రొత్తది కాదు. చెఱకుతోటలలో గూలిపనికి మద్రాసునుండి జనులను గొనిపోయిన ట్రూరో యను నోడ 1860 నవంబరు 16వ తేదీన డర్బన్ రేవు చేరెను. ఆ యోడలోను, తరువాతి యోడలలోను బోయినవారిలో మన తెలుగువా రనేకులు. వారి సంతతివారు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. మన చుట్టములు చెమటయోడ్చిన రాష్ట్రమందలి పువ్వే యిది.

ఈ జాతి పువ్వు యూరపు పండితుల కంట బడిన కథ విచిత్రమైనది. 1624లో యుస్తుస్ హ్యూర్నియస్ అను డచ్చి మతబోధకుడు బటేవియాకు బోవుచు, త్రోవలో ఆఫ్రికా దక్షిణాగ్రమందలి కేప్ రేవున నాగెను. అచ్చటి కొండ ప్రాంతమున గనబడిన మొక్కలను గొన్నింటిని జిత్రించెను. అందులో మచ్చల పీనుగపువ్వొకటి. ఆ చిత్రములు ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడగు బోడేయుస్ వాన్ స్టాపెల్ చేతికి జేరినవి. ఆయన 1636లో మరణించెను. ప్రాచీన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వ్రాసిన వృక్షశాస్త్ర గ్రంథమునకు ఆయన చేసిన వ్యాఖ్య 1644లో నచ్చుపడగా, ఆ పువ్వు చిత్రమును లోకము చూచెను. పిమ్మట లిన్నేయస్ మహాశయుడు ఈ జాతికి స్టాపెల్ పేరిట స్టపీలియా యని నామకరణము చేసెను. పువ్వును గన్నులార జూచినవాని పేరు గాక, చూడనివాని పేరు నిలిచినది! 1810లో రాబర్ట్ బ్రౌన్ అను పండితుడు ఈ వంశములోని మఱియొక జాతికి హ్యూర్నియస్ పేరు పెట్టి ఋణము దీర్ప దలచెను గాని, అక్షరములు తాఱుమాఱై అది హ్యూర్నియాకు బదులు హువర్నియాగా నచ్చుపడి, నేటివఱకు నట్లే నిలిచియున్నది.

అటుపిమ్మట 1772లో, ఇంగ్లండు క్యూ రాజోద్యానమునుండి ఫ్రాన్సిస్ మాసన్ అను తోటమాలి, కెప్టెన్ కుక్ యాత్రకు బయలుదేరిన రెజల్యూషన్ ఓడలో కేప్ రేవున దిగెను. ఆయన రెండుమార్లు ఆ దేశమున నివసించి, ఎడారులలో దిరిగి, ఈ జాతి మొక్కలను దెచ్చి, తన తోటలో నాటి, పూచినపుడు స్వయముగా జిత్రించెను. 41 చిత్రములతో ఆయన గ్రంథము 1796-97 సంవత్సరములలో లండనున వెలువడెను. మనము చెప్పుకొనుచున్న పెద్ద పువ్వును మాత్రము 1877లో క్యూ ఉద్యానమందలి ఎన్. ఇ. బ్రౌన్ వర్ణించి, జైగాంటియా, అనగా మహాకాయము గలది, యని పిలిచెను.

దుర్వాసన యెవరి కొఱకు?

మన కావ్యములలో పువ్వునకు దగిన యతిథి తుమ్మెదయే. తుమ్మెద సంపెంగపై వ్రాల దనుటయు నొక కవిసమయము. ఏ కవియు ఈగను పువ్వుపై వ్రాలనిచ్చి వర్ణింప నిచ్చగింపలేదు. కాని సృష్టికర్తకు ఈగయు నొక జీవియే. స్టపీలియా పువ్వు తేనెటీగను బిలువదు; పీనుగలపై వ్రాలు నీలపు ఈగలను, పచ్చని ఈగలను బిలుచును. అందుకే యా రంగు, అందుకే యా మడతలు, అందుకే యా రోమములు. అన్నింటికంటె ముఖ్యముగా అందుకే యా కంపు.

ఈ వాసనను రసాయన శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. ఈ వంశపు కంపు పువ్వులలో డైమిథైల్ డైసల్ఫైడు, డైమిథైల్ ట్రైసల్ఫైడు అను గంధక సంబంధమైన పదార్థములు గలవని తేల్చిరి. మాంసము క్రుళ్ళునపు డవియే పుట్టును. ఆశ్చర్య మేమనగా, అవియే యుడికించిన క్యాబేజీలోను, నీరుల్లి, వెల్లుల్లులలోను గొలదిగా నుండును. కూరలో మన మోర్చుకొను వాసనయే, మోతాదు మించి యితరములతో గలసినపుడు ముక్కు మూసికొన జేయుచున్నది.

ఈగ పువ్వు నడుమ వ్రాలి, మాంస మేదని వెదకుచు, నోటిని నక్కడి సందులలో బెట్టును. ఈ పువ్వున బుప్పొడి మల్లెలోవలె పొడిపొడిగా నుండదు. రెండు మైనపు ముద్దలుగా గట్టి, నడుమ నొక చిన్న పట్టుకారుతో గూర్చబడి యుండును. ఆ పట్టుకారు చీలికలో ఈగ నోటి రోమమో కాలో చిక్కుకొనును. ఈగ బలవంతముగా లాగుకొని లేచినపుడు, పుప్పొడి ముద్దలు రెండును దానితోడనే లేచిపోవును. అది మఱియొక పువ్వుపై వ్రాలి మరల వెదకునపుడు, ముద్ద యొకటి యా పువ్వు గాడిలో దిగి నిలిచిపోవును. ఇంతటితో పువ్వు పని ముగిసినది. ఈగకు దక్కినది మాత్రము శూన్యము. అంతే కాదు, ఇది మాంసమే యని పూర్తిగా నమ్మిన తల్లి యీగ అందు గ్రుడ్లను బెట్టును. అవి పొదిగి పుట్టిన పురుగులకు దినుటకు మాంసము లేదు. ఒకటి రెండు దినములలో పువ్వు వాడును; పురుగులు నశించును.

మా యింట తొలిసారి యీ పువ్వు పూచినపుడు, మా యత్తగారు ఎలుక యేదో చచ్చిన దని తలచి, బియ్యపు డబ్బాల వెనుకను, అటకమీదను వెదకించిరి. తుదకు డాబామీది కుండను జూపగా, “అమ్మాయీ, పువ్వును బెంచితివా, పీనుగను బెంచితివా? అవతల బాఱవేయింపుము” అనిరి. మేము రెండు దినములు గడువడిగితిమి. మఱునాటి మధ్యాహ్నము ఆమెయే ముక్కునకు గొంగడ్డము బెట్టుకొని, కుండకు గొంచె మెడముగా పీట వేసికొని కూర్చుండిరి. పచ్చని ఈగ యొకటి పువ్వు నడుమ దిరిగి దిరిగి, వెనుకభాగమును వంచి, తెల్లని గ్రుడ్లను వరుసగా బెట్టుచుండెను. ఆమె చాలసేపు చూచి, “పిచ్చితల్లి! బిడ్డలకు గూడు దొరకు నని నమ్మినది గదా!” అనిరి. అటుపిమ్మట బాఱవేయు మాట యామె యెత్తలేదు. పూచు ఋతువున “పూచినదా?” యని యామెయే యడుగుదురు.

ఆ మాటలో మాకు గొప్ప యర్థము దోచినది. పువ్వులన్నియు మన కొఱకే పూచుచున్న వని మనము తలంతుము. మల్లె పరిమళము మన కొప్పు కొఱకు బుట్టినది కాదు. రాత్రి దిరుగు రెక్కలపురుగుల నుద్దేశించి పుట్టినది. అది మన ముక్కునకు నింపైన దగుటచే మన మా సత్యమును మఱచితిమి. స్టపీలియా మఱవనీయదు. దాని ముందర నిలిచినపుడు, ఈ పిలుపు మనది కాదు, మన మిక్కడ బిలువని పేరంటాండ్రము, అని స్పష్టముగా దెలియును. పువ్వునకు ఈగపై దయయు లేదు, ద్వేషమును లేదు. తన వంశము నిలుపుకొన జూచుచున్నది. ఈగయు నదియే చూచుచున్నది. పాఠశాలలో పుస్తకమునందు పిల్లలు చదువు పరాగసంపర్క మను పెద్దమాట, ఈ యొక్క కుండ ప్రక్క నర్ధగంట కూర్చుండినచో కంటికి గట్టినట్లు దెలియగలదు. మావారు దమ తరగతి పిల్లలను ఏటేట నందుకే యింటికి బిలిచి చూపుచున్నారు.

మన దేశమందలి చుట్టములు

ఈ పరదేశి పువ్వునకు మన పెరడులలో దగ్గఱి చుట్టములు గలరు. జిల్లేడు, గన్నేరు, నందివర్ధనము, బిళ్ళగన్నేరు, సుగంధిపాల, ఇవి యన్నియు దీనితోడి కుటుంబమువే. జిల్లేడుతో బంధుత్వ మింకను సన్నిహితము. జిల్లేడు పువ్వునందును పుప్పొడి ముద్దలుగానే యుండును. కాయ పగిలి, పట్టుకుచ్చులతో గింజలు గాలి కెగురును. మన తెల్లజిల్లేడునకును శాస్త్రనామమున జైగాంటియా యను మాటయే యుండుట మఱియొక వింత. వినాయకునికి బ్రీతియైన జిల్లేడు, పూజకు దగని స్టపీలియా, ఒకే యింటి పడుచులు!

అంతకంటె దగ్గఱి బంధు వొకటి మన తెలుగుదేశపు ఱాతిగుట్టలలోనే కలదు. దానిని గ్రామస్థులు కుందేటి కొమ్ములందురు. సన్నని నాలుగు పలకల కొమ్మలతో, ఆకులు లేక, రాళ్ళసందున నిలిచి యుండును. శాస్త్రజ్ఞులు కారలుమా యందురు. తర్కశాస్త్రమున లేనిదానికి దృష్టాంతము చెప్పవలసినపుడు పండితులు కుందేటి కొమ్మును జెప్పుదురు గదా! లోకమున లేదని శాస్త్రములు చాటిన కుందేటి కొమ్మును, పల్లెటి స్త్రీలు గుట్టమీదనుండి కోసి తెచ్చి వండిరి. పేరు పెట్టిన గ్రామస్థుని చమత్కారమునకు మేము నమస్కరించుచున్నాము. 2017లో పీటర్ బ్రూయిన్స్ మొదలగు పండితులు, ఈ మొక్కల జన్యువులను బరిశీలించి, స్టపీలియాను, కారలుమాను, తక్కిన తోడి జాతులను అన్నింటిని సెరోపీజియా యను నొకే జాతిలో గలిపిరి. అందఱు నింకను నంగీకరింపకున్నను, మన కుందేటి కొమ్ములును, ఆఫ్రికా నక్షత్రమును నొకే యింటివను మాట మాత్రము స్థిరపడినది.

పెంచు విధానము

ఈ మొక్కను బెంచుటకు ధనము గాని, పెరడు గాని యక్కఱలేదు. డాబామీదనో, వసారా గోడమీదనో మూరెడు చోటును, రోజునకు నాలుగైదు గంటల యెండయు నున్న జాలును.

కుండ: లోతు తక్కువ, వెడల్పెక్కువ గల మట్టికుండ మేలు. వేళ్ళు లోతునకు బోవు. కొమ్మలు ప్రక్కలకు బ్రాకును. అడుగున రంధ్ర ముండితీరవలెను. మెఱుగు పూసిన పింగాణి కుండలకంటె, చెమ్మను బీల్చు మట్టికుండయే దీనికి సుఖము.

మన్ను: తోటమట్టి యొక పాలు, ఆకుల యెరువొక పాలు, గరుకు ఇసుకయు చిన్న ఇటుకముక్కలును గలిపి రెండు పాళ్ళు చేర్పవలెను. పోసిన నీరు క్షణములో దిగిపోవలెను. నల్లరేగడి యొంటిగా బనికిరాదు. అది చెమ్మను బట్టి యుంచి వేళ్ళను గుళ్ళజేయును.

నాటుట: గింజకంటె కొమ్మ సులభము. కొమ్మను మొదటి కణుపు దగ్గఱ గోసి, నీడలో వారము పది దినము లారనీయవలెను. కోసిన గాయము మాని, పొర కట్టిన తరువాత, ఇసుకపై బరుండబెట్టి, కొంచెముగా నొత్తిన జాలును. లోతుగా బాతరాదు. వేళ్ళు పట్టువఱకు నీరు మితముగా జిలుకరింపవలెను. పచ్చిగాయముతో తడిమన్నున బాతిన కొమ్మ నల్లబడి క్రుళ్ళును.

నీరు: ఇదియే యసలైన సంగతి. ఎండకాలమునను, వానకాలమునను, మన్నులో వ్రేలు రెండు కణుపులవఱకు గ్రుచ్చి, తడి యెంతమాత్రము తగులనపుడు మాత్రమే నిండుగా బోయవలెను. మరల నారువఱకు ముట్టరాదు. చలికాలమున మూడు వారముల కొకసారి పోసినను జాలును. కొమ్మలు కొంచెము ముడుతలు పడిన యెడల భయము లేదు. నీరు పోసిన రెండు దినములలో దేఱుకొనును. మొదట నల్లబడి మెత్తనైన యెడల మాత్రము మించిన తడి యని గ్రహించి, మంచి కొమ్మలను గోసి, ఆరబెట్టి, క్రొత్తగా నాటవలెను. కోస్తా జిల్లాలలో ముసురు పట్టిన దినములలో కుండను చూరుక్రిందికి జేర్చుట మఱవరాదు.

ఎండ: ఉదయపుటెండ పూర్తిగా దగులవలెను. చైత్ర వైశాఖములందలి నడిమధ్యాహ్నపుటెండ మాత్రము మనదేశమున మిక్కిలి తీక్ష్ణము. అప్పుడు పలుచని నీడ మేలు. కొమ్మలు ఎఱ్ఱబాఱినచో ఎండ మించిన దనియు, సన్ననై సాగినచో ఎండ చాల దనియు నెఱుగునది.

పూత: పగళ్ళు తగ్గునపుడు ఈ మొక్క మొగ్గ తొడుగును. మనదేశమున భాద్రపదము మొదలు కార్తికమువఱకు దీని కాలము. దీని పుట్టినింట, భూమధ్యరేఖకు దక్షిణమున, శరత్తు మార్చి మొదలు మే వఱకు నగుటచే, అచ్చట మనకు వేసవి పుట్టువేళ పూచును. సముద్రము దాటి వచ్చిన మొక్క పంచాంగము మార్చుకొన్న దన్నమాట! మొగ్గ కనబడిన తరువాత కుండను ద్రిప్పరాదు. చోటు మార్చినచో మొగ్గ రాలుట కలదు.

కాయ: ఈగ పని ఫలించినచో, చాలకాలమునకు రెండు కొమ్ములవలె నిలువుగా జంటకాయలు లేచును. అవి పండి పగులుటకు మరల నెలలు పట్టును. గింజలు పట్టుకుచ్చుతో నెగిరిపోక ముందే కాయకు బలుచని గుడ్డ గట్టవలెను. ఇసుకపై జల్లిన గింజ కొలది దినములలోనే మొలచును.

పురుగు: పిండినల్లి దీనికి శత్రువు. కొమ్మల సందులలో దెల్లని దూదివలె గనబడును. ఒక్కొక్కప్పుడు వేళ్ళలోను దాగును. వేపనూనెలో ముంచిన గుడ్డతో దుడిచివేయవలెను. వేళ్ళలో నున్నచో మన్ను పూర్తిగా దులిపి, క్రొత్త మన్నున నాటవలెను. రెండు మూడేండ్ల కొకసారి నడిమి ముసలికొమ్మలు వట్టిపోవును; అంచులందలి లేతకొమ్మలతో గ్రొత్తకుండ సిద్ధపఱచుకొనునది.

ఇంత కంపును సహింపలే మను సోదరీమణులకు ఈ వంశముననే చిన్నవారు గలరు. ఆర్బియా వేరియగేటా యనునది అరచేతిలో బట్టు పసుపుపచ్చని పువ్వు. దానిపై ముదురు మచ్చలు. 1624లో హ్యూర్నియస్ చిత్రించిన దదియే. ముక్కు దగ్గఱ బెట్టుకొన్న గాని దాని కంపు దెలియదు. హువర్నియా జెబ్రైనా యనుదాని పువ్వు నడుమ గాజుగాజులాడు ఎఱ్ఱని కంకణ మొకటి యుండును. దానిని జూచి ముచ్చటపడనివారు లేరు.

రెండు హెచ్చరికలు

మొదటిది. మొక్కను గొనునపుడు అది తోటలో బెంచిన కొమ్మయో, అడవినుండి పెఱికి తెచ్చినదో విచారింపవలెను. దక్షిణాఫ్రికాలో 2019 తరువాత ఇట్టి నీరు దాచు మొక్కల దొంగతనము మిక్కిలి ప్రబలినది. ఇంటర్నెట్టులో విలాసముగా గొను దూరదేశపు జనుల కొఱకు, కొండలపై నూరేండ్లుగా నిలిచిన చిన్నమొక్కలను సంచులకొలది పెఱికిరి. అచ్చటి యధికారులు పట్టుకొన్న మొక్కలే పదిలక్షలకు మించినవి. కొన్ని జాతు లొకే గుట్టమీద దప్ప లోకమున మఱెక్కడను లేవు. ఆ గుట్ట ఖాళీయైనచో అవి లేనట్లే. ఈ వంశములోనిదే హూడియా యను మఱియొక మొక్క. కలహారి ఎడారియందలి సాన్ జనులు వేటకు బోవునపుడు ఆకలి తెలియకుండుటకు దానిని నమలుదురు. 1990వ దశకమున దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధనా మండలి ఆ గుణమును వారి నడుగకయే తనదిగా పేటెంటు చేసికొనెను. సాన్ జనులు తమ హక్కు నడుగగా, 2003లో లాభమున వారికి భాగ మిచ్చునట్లు ఒడంబడిక జరిగినది. మొక్క యొకరి కొండది, జ్ఞాన మొకరి తాతలది, ధనము మఱియొకరిది యగుట న్యాయము కాదు గదా! కావున పొరుగువారి కుండలోని కొమ్మనే యడిగి తెచ్చుకొనుడు. అది చౌక, న్యాయము, మన నీటికి, మన గాలికి నలవాటుపడినదియును.

రెండవది. పెరిగిన కొమ్మలను ఊరివెలుపలి గుట్టలమీద బాఱవేయరాదు. కోసి పడవేసిన కొమ్మయు వేళ్ళు దన్నును. ఆస్ట్రేలియా దక్షిణభాగమున నెవరో తోటలనుండి బాఱవేసిన ఆర్బియా మొక్క అచ్చటి బంజరులలో బ్రాకి, దేశీయపు పొదల నడుమ కలుపుగా మాఱినది. మన గుట్టలపై కుందేటి కొమ్ములకే చోటుండనిండు; పరదేశి చుట్టము కుండలో నుండుటయే మర్యాద.

ఇక మా మనవి ముగించెదము. ఈ మొక్కకు రోజును నీరు పోయ నక్కఱలేదు, పందిరి వేయ నక్కఱలేదు. పుట్టినింటికి బోయి నెల యుండివచ్చినను అలుగదు. ఏటికి నాలుగైదు దినములు మాత్రమే పూచును. ఆ దినములలో పిల్లలను, పెద్దలను బిలిచి, దగ్గఱ గూర్చుండబెట్టి, ఈగ యెట్లు వచ్చునో, ఏమి గొనిపోవునో చూపుడు. శ్రావణమాసపు పేరంటమున మీ చెలిమికత్తెల కొక్కొక్క కొమ్మను గోసి, ఆరబెట్టి, కాగితమున జుట్టి యిండు. పూచిన దినమున మాత్రము కుండను గాలి వీచు దిక్కు చూచి పెట్టుడు. మన పువ్వు కంపు పొరుగింటి వంటయింటి కిటికీలో దూరినచో, ఎంత వృక్షశాస్త్రము జెప్పినను ఆ యిల్లాలు క్షమింపదు.